పలకలనుకున్న పెట్టె

కాకినాడ నుంచి గిద్దలూరుకు స్నేహితురాలి పెళ్లికి వెళ్లానని అందరికీ తెలుసు. దారిలో, పలకలకు పేరున్న మార్కాపురంలో ఎందుకు దిగానో ఇంతవరకు మావాళ్లెవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి సాగుతున్న ఒక జపాన్ ఫైటింగ్ యానిమే డీవీడీ పెట్టెలు సేకరిస్తున్నాను. ఏడో పెట్టె ఎక్కడా దొరకలేదు. చివరికి అక్కడ, మూసేస్తున్న ఓ సీడీల దుకాణంలో దొరికింది.

గిద్దలూరు బస్సులో దాన్ని కాగితంలో చుట్టి ఒళ్లో పడుకోబెట్టుకున్నాను. గతుకు వచ్చినప్పుడల్లా లోపల టకటకమంటోంది. పగిలితే ఇంకొకటి దొరకదు.

"పలకలా పాపా?" పక్కనున్న పెద్దావిడ అడిగింది. నేను బదులిచ్చేలోపే పెట్టెను మా ఇద్దరి మధ్య నిలబెట్టి, తన సంచిని దన్ను పెట్టింది. "పండబెడితే పగుల్తాయి. ఇరవై ఏండ్లు పలకల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసినాను, నాకు తెలీదా ఏంది?"

చప్పుడు ఆగిపోయింది. ఆమెకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అవి బొమ్మల కథ డీవీడీలని, ఇంట్లో మంచం కింద ఇంకా పదకొండు పెట్టెలు దాచానని చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను.

"పన్నెండు పెట్టెలూ ఒకటే కథా?"

"ఒకటే పెద్దమ్మా. ఇంకా అయిపోలేదు."

ఆమె కంభంలో దిగుతూ వెనక్కి తిరిగింది.

"మంచం కింద ఏందే, బయటికి తీసి వరసగా నిలబెట్టు. చివర్లో కొంచెం ఖాళీ ఇడువు. కథ అయిపోలేదంటివి గదా!"