పక్కింటి అక్క కట్టిన తాడు

నా చిన్నప్పుడు ఒక ఆదివారం నేను చెప్పవలసిన మాట చెప్పకుండా ఊరుకున్నాను. మా ఇంటి టీవీ యాంటెన్నా పక్కింటి అక్క బట్టల తాడు వల్లే కూలిందని మా వీధిలో మొన్నమొన్నటి దాకా చెప్పుకునేవాళ్లు. అది నిజం కాదు. అది కూలిన క్షణం నుంచీ ఆ సంగతి నాకు తెలుసు.

మార్కాపురంలో మాది కిరాణా దుకాణం. ఆ రోజుల్లో వీధి మొత్తానికి టీవీ ఉన్నది మా ఇంట్లోనే. ఆదివారం ఒక ఇంగ్లీషు బొమ్మల సీరియల్ వచ్చేది. ఎటు చూసినా ఇసుకే ఉన్న ఊరు. పెద్ద టోపీ పెట్టుకుని, ఛాతీ మీద నక్షత్రం బిళ్ల తగిలించుకున్న పొట్టేలు ఆ ఊరికి పోలీసు. తాబేలు అతని జవాను. దొంగ ఎప్పుడూ తోడేలే. దుమ్ము రేపుకుంటూ పోయే రైలు, దాని మీద పరుగులు, ధన్‌మని పేలే తుపాకి, ఆ పొగలోంచి మాడిన ముఖంతో బయటికి వచ్చే తోడేలు! పాతిక మంది పిల్లలం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లం.

వాళ్ల మాటలు ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అర్థం చెప్పేది పక్కింటి అక్క. వాళ్ల అమ్మానాన్నలు పలకల ఫ్యాక్టరీలో కూలికి పోయేవాళ్లు. అక్క చర్చి నుంచి నేరుగా, బైబిలు చంకలో పెట్టుకునే వచ్చి మా గడప పక్కన కూర్చునేది. తెర మీద నోరు కదిలితే చాలు, అక్క నోట్లోంచి తెలుగు వచ్చేది. పొట్టేలుకు బొంగురు గొంతు, తాబేలుకు నిద్రమత్తు గొంతు, తోడేలుకు ముక్కుతో మాట్లాడే గొంతు. ఆ ఇసుక ఊరు అక్క చేతిలో, తాగునీళ్లకు ఎప్పుడూ కటకటలాడే మా దగ్గరి పుల్లలచెరువు అయిపోయింది. తోడేలు బంగారం దోచేవాడు కాదు, నీళ్ల ట్యాంకరు ఎత్తుకుపోయేవాడు.

"ఏందిరా తోడేలూ, ఊరంతా బిందెలు పెట్టుకొని కూర్చుంటే ట్యాంకరు తోలుకొని యాడికి పోతున్నావు?"

"గిద్దలూరులో మా బామ్మర్ది పెండ్లి సారూ. అందరూ తానాలు చేయాల గదా."

మా నాయనమ్మ నవ్వి నవ్వి కళ్లు ఒత్తుకునేది. ఇంగ్లీషు ఇంత బాగా యాడ నేర్చుకున్నావని ఆమె ఒకసారి అడిగితే, అక్క తెర మీంచి చూపు తిప్పకుండా "పదో తరగతి పోయిందే ఇంగ్లీషులో అవ్వా" అన్నది. అయినా మాకు అక్క చెప్పిందే కథ.

మా ఊరికి సిగ్నల్ అంతంత మాత్రం. మేడ మీద ఎత్తైన ఇనప గొట్టానికి యాంటెన్నా బిగించి ఉండేది. గట్టిగా గాలి వీస్తే అది పక్కకు తిరిగిపోయేది. మా మేడ మీద ఎండ బాగా పడుతుందని, ఆ గొట్టానికి తాడు కట్టి బట్టలు ఆరేసుకోమని నాయనమ్మే అక్కకు చెప్పింది. యాంటెన్నాను మాత్రం నాయన తప్ప ఎవరూ ముట్టకూడదు.

ఆ ఆదివారానికి ముందు వారం కథ పొట్టేలు ఎక్కిన రైలు విరిగిన వంతెన అంచున ఆగిన దగ్గర ముగిసింది. వారమంతా బడిలో అదే మాట. ఆదివారం బొమ్మ మొదలైంది. రైలు ముందుకు ఒరిగింది. సరిగ్గా అప్పుడే తెరంతా చుక్కలు. పిల్లలంతా టీవీ మీద పడి బటన్లు తిప్పుతున్నారు. నాయన దుకాణంలో ఉన్నాడు. నేను ఆగలేకపోయాను. గడప దాటి మెట్ల వైపు పరిగెత్తడం అక్క ఒక్కతే చూసింది.

గొట్టాన్ని రెండు చేతులతో పట్టుకుని బలంగా తిప్పాను. తిరగలేదు. కాలు గోడకు తన్నిపెట్టి లాగాను. కింద బిగించిన పట్టీ పటుక్కున ఊడింది. గొట్టం, యాంటెన్నా, తాడు, దాని మీది తడి బట్టలు అన్నీ కలిసి మేడ మీద పడ్డాయి. గబగబా మెట్లు దిగి, చప్పుడుకు బయటికి ఉరికివచ్చిన పిల్లల్లో నేనూ కలిసిపోయాను.

నాయన వచ్చి చూశాడు. "ఈ తాడు కట్టింది ఎవరు?"

"నేనే మామా," అన్నది అక్క. అని నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

కట్టుకోమన్నది తానేనని నాయనమ్మ ఎంత చెప్పినా నాయన వినలేదు. ఇంకెప్పుడూ మా గడప తొక్కవద్దని అక్కతో అనేశాడు. నాలుగు రోజుల్లో యాంటెన్నా మళ్లీ లేచింది. కానీ అక్క లేని పొట్టేలు ఉత్త ఇంగ్లీషు మాట్లాడింది. పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు.

ఆ తర్వాత ఒక సాయంత్రం అక్కే మమ్మల్ని తన ఇంటి ముందుకు పిలిచింది. ఫ్యాక్టరీలో పారేసిన విరిగిన పలకలు వరుసగా పేర్చి, ఒక్కో పలక మీద బలపంతో ఒక్కో బొమ్మ వేసి, మేము చూడని ఆ ముగింపు చెప్పింది. పొట్టేలు వంతెన మీంచి దూకి బతికాడు. వంతెన బోల్టు ఊడదీసింది తోడేలు కాదు, అదేందో చూద్దామని ముచ్చటపడి తిప్పిన తాబేలు. అడగగానే తాబేలు తల డిప్పలోకి లాక్కున్నాడు.

"పొట్టేలు కొట్టలేదా అక్కా?" అని ఎవరో అడిగారు.

అక్క బొంగురు గొంతు పెట్టింది. "ఎప్పుడు తల బయటికి పెట్టాలనిపిస్తే అప్పుడే పెట్టు నాయనా. నేను ఈడనే కూర్చోనుంటా."

అప్పుడు అక్క నా వైపు చూడలేదు. ఆ గొంతు మాత్రం నా చెవిలో ఇన్నేళ్లూ ఉండిపోయింది. దుకాణంలో పనివాళ్ల మీద కేకలు వేయబోయిన ప్రతిసారీ అది వినిపించి ఆగిపోయేవాణ్ణి. కానీ నా తల మాత్రం డిప్పలోనే ఉండిపోయింది.

పోయిన నెల మా వీధిలో ఒక పెళ్లిలో మళ్లీ ఆ తాడు మాట వచ్చి అందరూ నవ్వారు. కూలగొట్టింది నేనేనని అక్కడే, విస్తరి ముందు నిలబడి చెప్పాను. వినడానికి నాయన లేడు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, అక్క కాపురం ఉంటున్న చంద్రశేఖరపురం పోయాను. అక్క అరుగు మీద కూర్చుని మనవరాలి చేత అక్షరాలు దిద్దిస్తోంది. కళ్లజోడు పైకి నెట్టి నన్ను చూసి గుర్తుపట్టింది. లోపలికి రమ్మన్నది. నేను గడప పక్కనే కూర్చున్నాను.

"అక్కా, ఆ పొద్దు గొట్టం లాగింది నేనే. నువ్వు చూసినావు, అయినా చెప్పలేదు. నేను నోరు మూసుకొని నీ మీద నింద పడనిచ్చినా. నన్ను క్షమించు."