తొమ్మిది పచ్చచుక్కలు

కోటేష్ ఇల్లందు బస్టాండు పక్కన ఫోన్లు బాగుచేస్తాడు. పగిలిన అద్దం, ఉబ్బిన బ్యాటరీ, నీళ్లలో పడ్డ బోర్డు, ఏది తెచ్చినా సాయంత్రానికల్లా చేతిలో పెడతాడు. ఊరందరి ఫోన్ల రోగాలూ కుదిర్చిన ఈ మహానుభావుడు తన సొంత ఫోన్ ఏడు నెలలపాటు ఎందుకు మూగపోయిందో మాత్రం చూసుకోలేదు. మనిషికి అలక వస్తే కళ్లు ఎదుటి వాళ్ల తప్పు మీదే ఉంటాయి కదా!

అలక వాళ్ల అక్క జమ్లితో. తల్లి పోయాక పదేళ్ల కోటేష్‌ను కడుపులో పెట్టుకుని పెంచింది ఆమే. ఆమె ఉండే తండా గుట్టల వెనక పద్నాలుగు కిలోమీటర్లు. అక్కడ సిగ్నల్ రాదు. లంబాడీ పాటలు రికార్డు చేద్దామని వచ్చిన ఒక సంస్థ వాళ్లు పోతూ పోతూ మూడు ఫోన్లు వదిలేశారు. అవి లైనక్స్ మీద నడిచేవి, చేతనైనవాడు విప్పి మార్చుకోవచ్చు. అందులో బ్లూటూత్‌తో ఫైళ్లు పంపే యాప్ ఒకటుంది. కోటేష్ ఒక ఫోన్ అక్కకిచ్చాడు, ఒకటి తనుంచుకున్నాడు, మూడోది తండాలో పాలు పోయించుకుని రోజూ ఇల్లందు వచ్చే పగిడయ్య జేబులో పెట్టాడు. జమ్లి మాట్లాడి బటన్ నొక్కుతుంది. పగిడయ్య బండి వాకిట్లో ఆగగానే ఆ మాట అతని ఫోన్‌లోకి వెళుతుంది, జమ్లి ఫోన్‌లో పచ్చచుక్క పడుతుంది. అతను షాపు ముందు ఆగితే కోటేష్ ఫోన్‌లోకి దిగుతుంది. మధ్యలో ఆ మాటకు తాళం ఉంటుంది, పగిడయ్య వినలేడు. చదువు రాని జమ్లికి పచ్చచుక్క అంటే ఒకటే అర్థం: తమ్ముడికి ముట్టింది.

పోయిన మాఘమాసంలో జమ్లి భర్త చనిపోయాడు. దినం నాడు కోటేష్ పొద్దు వాలాక వచ్చాడు. షాపులో జనం ఎక్కువయ్యారట! అన్నాలు కూడా అయిపోయాయి. జమ్లి తండా పెద్ద అయిన నాయక్ చందూలాల్ ముందు, తండా అందరి ముందు లేచి నిలబడింది.

"నా మొగని కంటే నీకు షాపే ఎక్కువైందిరా. నేను కబురు చేసేదాంక ఈ తండాల కాలు పెట్టకు."

వాళ్ల తండాలో పదిమంది ముందు అన్న మాటను అన్నవాళ్లే తీసేయాలి, అదీ పదిమందికి వినబడేలా. నాయక్ అయినా తీయలేడు. కోటేష్ తలవంచుకుని వెళ్లిపోయాడు. అక్క కోపం ఎంతసేపుంటుందిలే అనుకున్నాడు. వారమైంది, నెలైంది, కబురు లేదు. యాప్ తెరిస్తే ఖాళీ. తనే ఒక్క మాట పంపి ఉంటే అది పోకపోవడం చూసి, యాప్ చచ్చిందని తెలిసేది. పంపలేదు. పిలవాల్సింది ఆమె కదా అని భీష్మించాడు. దినానికి నాలుగు రోజుల ముందు తన ఫోన్‌కు కొత్త సిస్టమ్ ఎక్కించుకున్నది తనేనన్న సంగతి గుర్తు కూడా రాలేదు.

శ్రావణంలో ముసురు పట్టినప్పుడు జమ్లికి జ్వరం వచ్చింది. దవాఖానాకు తీసుకుపోదామని మంచం మీద మోసుకుంటూ వాగు దాటిస్తుంటే మధ్యలోనే ప్రాణం పోయింది. ఆమె ఫోన్ వాగులో పడిపోయింది. కోటేష్ వచ్చాడు గానీ తండా మొదట్లోనే ఆగిపోయాడు. కట్టెకు నిప్పు పెట్టడం దూరం నుంచి చూశాడు. జమ్లి కూతురు హేమ్లి తడిబట్టలతో అతని దగ్గరికి వచ్చింది.

"అమ్మ కబురు చేసింది గద మామా, ఎందుకు రాలే? నేను పోయి పిలుస్తనంటే వద్దన్నది. చుక్క పచ్చగైంది, ముట్టింది, వస్తే వస్తడన్నది. నువ్వొచ్చినంక పదిమందిల చెప్తనన్నది."

"ఏ కబురు?" అన్నాడు కోటేష్. అక్కడే ఫోన్ తీసి చూశాడు. యాప్ తెరుచుకుంటోంది, అంతే. దాని చెవులు మూసుకుపోయి ఎన్నాళ్లయిందో! పగిడయ్య ఫోన్‌లో చూస్తే తొమ్మిది మూటలు తాళాలతో పడి ఉన్నాయి.

"అక్కాతమ్ముళ్ల మధ్య నాకెందుకని అడగలే కోటేషూ," అన్నాడు పగిడయ్య ఏడుపు మొహంతో. "జేబుల పెట్టుకుని రోజూ నీ ముందుకే వచ్చిన."

చందూలాల్ కూడా విన్నాడు. "హేమ్లి చెప్తే చెల్లదు. జమ్లి మాట జమ్లి గొంతుల వినిపియ్యి. అప్పుడు నువ్వు మాలో మనిషివి," అన్నాడు.

ఆ తాళాలకు చెవి కోటేష్ ఫోన్‌లోనే ఉంది. పాత సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తే అది చెరిగిపోతుంది. ఉన్నచోటే యాప్‌ను బతికించాలి. దాన్ని రాసినవాడు ఏ దేశంవాడో, ఐదేళ్ల కిందటే 'నాకు ఓపిక లేదు, కావలసినవాళ్లు చూసుకోండి' అని రాసి వెళ్లిపోయాడు. వాడికి మూడు ఉత్తరాలు రాశాడు కోటేష్, జవాబు లేదు. టంకం పెట్టడం వచ్చినంత బాగా కోడ్ చదవడం రాదు. మధ్యాహ్నాలు షట్టర్ సగం దించి, అర్థం కాని వరుసలు నోటుబుక్కులో ఎక్కించుకుని, నెట్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లను అడిగి, విసుక్కున్న వాళ్ల చేత తిట్లు తిని, నాలుగు నెలలు కూర్చున్నాడు. బేరాలు పోయాయి. చివరికి దొరికింది: ఫైలు పంపనా, తీసుకోనా అని కొత్త సిస్టమ్ ప్రతిసారీ అడుగుతుంటే, యాప్‌కు ఆ ప్రశ్నే అర్థం కావడం లేదు. ఔనని చెప్పడం నేర్పించాడు. పద్దెనిమిది వరుసలు, అంతే! దానికోసమా అక్క ఎదురుచూస్తూ పోయింది?

మర్నాడు పగిడయ్య బండి ఆపగానే తొమ్మిదీ దిగాయి. కోటేష్ బస్టాండు మోతలో ఫోన్ చెవికి అదుముకుని విన్నాడు. లంబాడీలో చెప్పిన ఆ మాటలు తెలుగులో ఇలా ఉంటాయి.

మొదటిది దినమైన పదకొండో రోజుది. "తమ్ముడూ, ఏదో కోపంల అన్న. రా. మక్కరొట్టె చేస్త." పదకొండు రోజులే! కోటేష్ షాపు మెట్టు మీద కూలబడి పసివాడిలా ఏడ్చాడు. తర్వాతి ఏడూ పిలుపులే. మిరపతోటకు తెగులొచ్చిందని, హేమ్లి పెళ్లిమాట నువ్వొస్తేనే అని, ఒంట్లో బాగుండటం లేదని. ఎనిమిదోది దగ్గుతో సగం వినబడలేదు.

తొమ్మిదోది చిన్నది. గొంతులో తడి లేదు. "ఎనిమిది సార్లు పిలిచిన. ఇగ పిలువ. నేను సచ్చినా రావద్దు. మల్ల ఎన్నడూ మా తండాల కాలు పెట్టద్దు."

ఆదివారం పొద్దున తండా మొదట్లో జనం కూడారు. కోటేష్ ఒక్కొక్కటే వినిపించాడు. మక్కరొట్టె దగ్గర ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎనిమిదోది అయిపోయింది. కోటేష్ బొటనవేలు అద్దం మీద ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"ఇన్నరు గద," అన్నాడు చందూలాల్ కళ్లు తుడుచుకుంటూ. "జమ్లి పిలిచింది. రా కోటేష్, లోపలికి రా."

కోటేష్ లోపలికి నడిచాడు. హేమ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగేదాకా ఉండి, ఎవరికీ వినబడకుండా అడిగింది.

"ఎనిమిదేనా మామా? అమ్మ నాకు తొమ్మిది చుక్కలు చూపెట్టింది."

అతను ఖాళీ గ్లాసు ఆమె వైపు చాచాడు.

"పాత యాప్ గద బిడ్డా," అన్నాడు. "ఒకటి పోయింది."

హేమ్లి అతని మొహంలోకి కాసేపు చూసింది. "అవ్," అంది. "పోయి ఉంటది." గ్లాసు అందుకుని లోపలికి వెళ్లింది.