గోడమీది పాస్‌వర్డ్

పోయిన ఆదివారం పొద్దున పదిన్నరకు తమిళనాడులోని పాపారపట్టిలో, మా ఇంట్లో జరిగిందిది. నా కంప్యూటర్‌కు ఏ సిస్టం భద్రమని మనవడూ మనవరాలూ వాదించుకుంటున్నారు.

"విండోస్‌కు వైరస్ పడతాదని ఊరంతా చెప్తాది. లినక్స్ వేసుకో తాతా," అన్నాడు సురేశ్.

"అది పాత చెడ్డపేరురా! ఇప్పుడు మెషీన్‌లోనే కాపలా చిప్పు ఉండాది," అంది దివ్య.

"పోండి, వట్టి మాటలు! నా పాస్‌వర్డ్ గోడమీదే తెలుగులో రాసి పెట్టినాను. ఎవడన్నా దొంగిలించినాడా?" అన్నాను.

మా ఇంట్లో అందరూ తెలుగు మాట్లాడతారు గాని, చదివేది అరవై దాటాక అక్షరాలు దిద్దిన నేనొక్కడినే. ఆ ధైర్యం నాది.

ఆంధ్రాలోని కుప్పం నుంచి వచ్చిన మా వియ్యపురాలు కాంతమ్మ గోడ దగ్గరికి పోయి గట్టిగా చదివింది.

"రాజమ్మ గురక... ఇదేంది వదినా?"

రాజమ్మ నా భార్య. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ పూట అన్నం మీద ఆశ వదులుకున్నాను.

అన్నమైతే పెట్టింది. ముందు నాచేతే గోడ తుడిపించి, దివ్య దగ్గర కూర్చుని కొత్త పాస్‌వర్డ్ పెట్టించుకుంది. ఏ సిస్టం గొప్పదో నాకు తెలియదు గాని, రాజమ్మను మించిన కాపలా లేదు. ఇప్పుడు కంప్యూటర్ తెరవాలంటే ఆమెనే బతిమాలుకోవాలి.

ఆ రోజు అక్కడ ఉన్నది సురేశ్, దివ్య, పడీపడీ నవ్విన కాంతమ్మ, నేను, ఇంకా పాస్‌వర్డ్ చెప్పని మా రాజమ్మ.