మసీదు గడప ముందు

"నేను వెంకటేశ్వరస్వామికి మొక్కుకున్నాను. మసీదుకు రాను," అన్నాను.

"మొక్కుకోక్కా, ఎవురొద్దంటాండారు? బిడ్డనెత్తుకొని లెయ్. సందె నమాజు అయిపోతాది," అంది బీబమ్మ.

"ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన పిల్లమ్మా ఇది."

"బస్సు చెడిపోయి ఈడ్నే పడుండాది. తెల్లారేదాకా బిడ్డ మొగం చూస్తా కూసుంటావా?"

ఇది యాభైల నాటి మాట. గుంటూరు నుంచి మా ఆయన పనిచేసే ఊరికి వెళుతుంటే సోమందేపల్లెలో బస్సు ఆగిపోయింది. ఎంత వెతికినా బండి దొరకలేదు. మూడేళ్ల నా కూతురికి ఒళ్లు కాలిపోతోంది, కళ్లు తెరవడం లేదు. బీబమ్మ బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి, ఆ ఊరిదే.

కోపంగానే ఆమె వెంట వెళ్లాను. మసీదు గడప బయట ఆడవాళ్లు జబ్బు పిల్లలను ఎత్తుకుని నిలబడి ఉన్నారు. చాలామంది నుదుట బొట్టుంది. అది చూసి నేనూ వాళ్ల పక్కన నిలబడ్డాను. నమాజు ముగించుకుని వచ్చే మగవాళ్లు ఒక్కో బిడ్డ దగ్గర ఆగి, ఏదో చదివి, ముఖం మీద మెల్లగా ఊది పోతున్నారు. దీనికేం అడుగుతారోనని నేను కొంగుముడి గట్టిగా పట్టుకున్నాను. ఎవరూ ఏమీ అడగలేదు.

చేతులకు సున్నం అంటిన ఒక ముసలాయన నా కూతురి ముఖాన ఊది, "నీ సామినీ అడుగు తల్లీ. బిడ్డ కోసం అడిగేదానికి సిగ్గేముండాది?" అన్నాడు.

అక్కడే కళ్లు మూసుకుని అడిగాను.

పొద్దుటికీ జ్వరం తగ్గలేదు. కానీ పిల్ల కళ్లు తెరిచి నీళ్లు అడిగింది. తాగించి, మొదటి బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లాను.