అవ్వ మొక్కు

నా చిన్నప్పుడు తిరుమలకు నడిచి వెళ్లేవాళ్లు మా ఊరి మీదుగానే పోయేవారు. మాది వడమాలపేట దగ్గర చిన్న పల్లె. అరవనాడు నుంచి పసుపు గుడ్డలు కట్టుకుని గుంపులుగా వచ్చేవారు. ఇల్లు రోడ్డు పక్కనే కాబట్టి, అడిగినవాళ్లకు నీళ్లు అందించడం నా పని.

ఒక మధ్యాహ్నం ఒకాయన ఒంటరిగా కుంటుకుంటూ వచ్చి మా అరుగు మీద కూలబడ్డాడు. తిరుత్తణి వైపు మగ్గం నేసే మనిషి. కూతురి జబ్బు నయమైతే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడట. దారిలో గాజుపెంకు గుచ్చుకుంది. తోటివాళ్లను ముందు పంపేసి వెనకబడ్డాడు. పాదం వాచిపోయి, కట్టిన గుడ్డలోంచి చీము కారుతోంది. నాకు చూడబుద్ధి కాలేదు.

మా నాయన తల్లి, అవ్వ, ఆ కాలు చూసి పుండు మానేదాకా ఉండిపొమ్మంది. ఆయన ఒప్పుకోలేదు.

“వద్దమ్మా. స్వామి దగ్గరికి పోతా ఒకరికి బరువు కాకూడదు” అని లేవబోయి, గోడ పట్టుకున్నాడు.

అవ్వ బతిమాలుతున్నట్టుగా అంది: “నాకూ ఒక మొక్కు ఉండాది నాయనా. కొండకు పొయ్యే మనిషికి మూడు దినాలు నా ఇంట్లో అన్నం పెడతానని. వచ్చినోళ్లంతా నీళ్లు తాగి పోతా ఉండారు. నువ్వూ పోతే నా మొక్కు ఎట్ల తీరేది?”

అలాంటి మొక్కు గురించి నేనెప్పుడూ వినలేదు. ఆ మాటే అనబోతే అవ్వ నా తొడ గిల్లింది. ఆయన మాత్రం మెల్లగా మళ్లీ కూర్చున్నాడు. మొక్కు మోస్తున్న మనిషి కదా, ఇంకొకరి మొక్కును కాదనలేకపోయాడు.

నాయన కాంపౌండరును పిలుచుకొచ్చి సూది వేయించాడు. అవ్వ రోజూ వేడినీళ్లతో పుండు కడిగింది. మూడు దినాలూ ఆయన ఊరికే కూర్చోలేదు, మా నులకమంచం బిగించి పెట్టాడు. నాలుగో రోజు వాపు తగ్గి, నిటారుగా నడిచి వెళ్లాడు. నా మొక్కు తీర్చినావని అవ్వే ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది.

ఆయన వెళ్లాక, దేవుడి పేరు చెప్పి అబద్ధం ఆడొచ్చా అని నిలదీశాను.

“అబద్ధం యాడుండాది మే? ఆ కాలు చూసినప్పుడే మొక్కుకున్నాను” అంది.

అది మాటవరసకు అనలేదు. బతికినన్నాళ్లూ ఏటా ఒక నడక మనిషిని బతిమాలి నిలిపి, మూడు దినాలు అన్నం పెట్టింది.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. మొన్న మా వీధిలో, భర్తను ఆస్పత్రిలో పెట్టుకున్న ఒక అమ్మాయి, అన్నం తిను అన్న ప్రతిసారీ తిన్నాననే అంది. ముఖం చూస్తే తిన్నట్టు లేదు. “ఒక్కదాన్నే తింటే ముద్ద దిగడంలేదు, నాకు తోడు కూర్చోమ్మా” అన్నాను.

వచ్చి, నా పక్కన కంచం ముందు కూర్చుంది.