తెల్లతెర మీద నీడ

రెండేళ్ళ కిందట కోల్డ్ స్టోరేజీ గుమస్తా రామకాంత్ పాత ప్లాస్మా టీవీ ఒకటి అమ్మడానికి తెచ్చి, చిలకలూరిపేట బజారంతా వినపడేలా అరిచాడు. "ఇంట్లో వాడిందయ్యా! ఆదివారం సినిమా తప్ప ఇంకోటి చూస్తే ఒట్టు!"

మెకానిక్ గౌస్ బాషా గొంతు పెంచలేదు. తీగలు తగిలించి తెర మొత్తం తెల్లగా వెలిగించాడు. ఆ తెలుపు మీద నిలువుగా ఓ గీత, అడ్డంగా ఓ గీత, నాలుగు గళ్ళు నీడలా తేలాయి.

"సీసీ కెమెరాల బొమ్మండీ ఇది. ఈ టీవీ సినిమాలు చూడలేదు. మీ గేటు దగ్గర ఏళ్ళ తరబడి కాపలా కాసింది."

రామకాంత్ టీవీని ఆటోలో వేసుకుపోయాడు. ఎదురుగా ఇడ్లీలమ్మే ఎలీసమ్మ కడుపుబ్బ నవ్వింది.

పదిహేనేళ్ళుగా బాషా పని అదే. పాత ప్లాస్మాలు కొని బాగుచేసి అమ్ముతాడు. కదలని బొమ్మ ఎక్కువసేపు నిలిస్తే ఆ తెరకు నీడ అంటుకుంటుంది. తెలుపు పెట్టి గంట ఆగితే కొన్ని చెరుగుతాయి, కొన్ని ఎన్నటికీ చెరగవు. చెరగని నీడ ఉన్నదాన్ని అతను ఎవరికీ అంటగట్టడని పేరు.

అలాంటివాడి మీద ఇప్పుడు ఎలీసమ్మకు అనుమానం పుట్టింది. నిన్న టిఫిను ఇవ్వబోతే, తెల్లతెర కుడి మూలన ఏదో వార్తల చానల్ గుర్తు నీడలా ఆవిడకు కూడా కనిపించింది. బాషా మాత్రం ఆ టీవీ కొనడానికి వచ్చిన మహతి టీచరుతో, "కడిగిన పళ్ళెంలా ఉందండీ, రేపు తీసుకెళ్ళండి" అన్నాడు. వీడూ చెడ్డాడు, అనుకుంది.

ఆ కోపంతోనే ఇవాళ పచ్చడి వెయ్యకుండా ఇడ్లీలు పెట్టిన తెల్ల పళ్ళెం అతని ముందు విసురుగా పెట్టింది.

"ఏరా, ఆ మూలన ఏముంది?"

"ఏముందక్కా? తెలుపే."

"అబద్ధమాడితే నోరు పుచ్చిపోద్ది. ముందు తిను."

బాషా ఖాళీ చోట వేళ్ళు పెట్టాడు. తడుముకుంటూ పోయి ఇడ్లీ అందుకున్నాడు. తెల్ల పళ్ళెంలో తెల్ల ఇడ్లీ అతని కంటికి ఆనలేదు.

ఎలీసమ్మ తిట్టబోయి ఆగింది. "ఎన్నాళ్ళ నుంచిరా?"

"రంజాను ముందు నుంచక్కా. ఎరుపూ నలుపూ తెలుస్తన్నాయి. తెలుపులో తేడా తెలీడంలా."

"తెలిసే అంటగడతన్నావా టీచరుకి?"

"మంచిదనే అనుకున్నానక్కా."

అతను తెరను చూసినట్టే ఆవిడ అతని మొహాన్ని కాసేపు పరీక్షగా చూసింది. బాషా తెర మళ్ళీ వెలిగించి, స్టూలు దాని ముందుకు జరిపాడు.

"టీచరు ఐదింటికి వస్తారు. గంటసేపు ఇక్కడ కూర్చో అక్కా. ఆ గుర్తు చెరిగిందో లేదో నువ్వే చూడు. చెరక్కపోతే, ఆవిడ రాగానే నా ముందే చెప్పెయ్."