షూటింగ్ రేటు మేళం

ప్రొడక్షన్ మేనేజర్‌గా నా చివరి ఏడాది, మాఘమాసం మొదట్లో, ఫిల్మ్‌నగర్ ఆఫీసులో నిర్మాతగారు నన్ను పిలిచి ఒక పెళ్లి అప్పగించారు. తెర మీది పెళ్లి కాదు, నిజం పెళ్లి. మా కంపెనీ కాస్ట్యూమ్ విభాగంలో ఏళ్ల తరబడి మిషన్ మీద కూర్చున్న అనసూయమ్మ కూతురిది. ఖర్చు కంపెనీది, బేరాలు నావి.

ప్రొడక్షన్ మేనేజర్ అంటే చాలామందికి అంతు పట్టదు. నటీనటుల పారితోషికాలు పైవాళ్లు చూసుకుంటారు. మిగతావన్నీ, జనరేటరు నుంచి కరివేపాకు దాకా, రేటు మాట్లాడి సెట్ మీదికి తెప్పించేవాడు మేనేజర్. ఆ హోదాలో నేను చేయించినన్ని పెళ్లిళ్లు ఏ పెళ్లిళ్ల పేరయ్యా చేయించి ఉండడు. సగం పెళ్లిళ్లు తాళి కట్టే ముందు ఎవరో వచ్చి ఆపేసినవే అయినా, మండపం మాత్రం ప్రతిసారీ పూర్తిగా వేయించాను.

అనసూయమ్మను పిలిచి ఏమేం కావాలో చెప్పమన్నాను. భోజనాలు మీ ఇష్టం, పూలు మీ ఇష్టం అంది. ఒక్కటి మాత్రం తన ఇష్టమంది.

"మేళం మంచిగుండాలె సార్. నా పెండ్లికి మా నాయిన మేళం పెట్టలేకపోయిండు. పక్క గల్లీల ఇంకో పెండ్లి అయితుంటే, ఆళ్ల గట్టిమేళం ఇనబడంగనే అయ్యగారు నాకు పుస్తె కట్టిపిచ్చిండు. గా మేళం మాది గాదు. నా బిడ్డకు గట్ల గావద్దు."

ఆమె ఇది చెప్తున్నంతసేపూ చేతిలోని బ్లౌజుకు హుక్కులు కుడుతూనే ఉంది. నేను సరేనన్నాను. ఇందులో కష్టమేముందనుకున్నాను.

బేరంలో నాకు ఒక పద్ధతి ఉండేది. ఏ పనికైనా ముగ్గురిని పిలిచేవాణ్ని, ముగ్గురినీ ఒకే గదిలో ఒకరికొకరు కనపడేలా కూర్చోబెట్టేవాణ్ని. టీ ఇప్పించి, నేను లోపల ఫోన్ మాట్లాడుతున్నట్టు కాసేపు ఊరుకునేవాణ్ని. బయటికొచ్చేసరికి రేట్లు వాటంతటవే దిగి ఉండేవి. పూలవాడు ఎర్రగడ్డ నుంచి వచ్చాడు, ఇలాగే దిగాడు. మోతీనగర్ క్యాటరింగ్ ఆయన మాత్రం తణుకు మనిషి, గట్టివాడు. "రేటు తగ్గించమంటే తగ్గిస్తానండీ, కానీ గుత్తొంకాయలో కాయ తగ్గుద్దండీ" అన్నాడు. ఆయనకు అడిగినంతా ఇచ్చాను. తగ్గిస్తే ఏది తగ్గుతుందో ముందే చెప్పేవాడితో బేరం ఆడకూడదు.

మేళానికి ముగ్గురిని పిలవలేదు. మా సినిమాలన్నిటికీ మేళం సరఫరా చేసే సత్తయ్య ఉండగా ఇంకొకరెందుకు? ఫోన్ చేసి, ఎప్పుడూ అనే మాటే అన్నాను. "సత్తయ్యా, పెళ్లి ఉంది. మేళం కావాలి. నలుగురు."

సత్తయ్య ముహూర్తం అడిగి రాసుకున్నాడు. "పెండ్లి రేటా సార్, షూటింగ్ రేటా?" అన్నాడు.

పెళ్లి రేటు అంతకు రెండింతలు పైనే. పాతికేళ్లుగా నాతో పనిచేస్తూ ఇప్పుడు కొత్తగా రేటు పెంచే ఎత్తు వేస్తున్నాడనుకున్నాను. "నాతోనే వేషాలా? షూటింగ్ రేటే" అన్నాను. "షూటింగ్ రేటుకేనా సార్?" అని మళ్లీ అడిగాడు. అంతకు పైసా ఎక్కువివ్వనన్నాను. మంచిదన్నాడు. ఫోన్ పెట్టేసి, బేరం బాగా కుదిరిందని నిర్మాతగారికి చెప్పాను కూడా.

పెళ్లి జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న హాల్లో. ప్రహరీ గోడకు అవతల పెద్ద హాలు. అక్కడ ఎవరో బిల్డరు కూతురి పెళ్లి, అదే ముహూర్తం. నేను పొద్దున్నే వెళ్లి మండపం చూశాను, పూలు చూశాను, వంటశాలలోకి వెళ్లి వంకాయలు కూడా చూశాను. అన్నీ సక్రమంగా ఉన్నాయి. మేళం కూడా వేళకు వచ్చింది. నలుగురూ మంచి పొడగరులు. ఎర్ర తలపాగాలు, పట్టుపంచెలు, ఒక్కొక్కరి మీసం ఒక్కొక్క తీరున దువ్వి ఉంది. ఇంత అందమైన మేళం నేను చూడలేదు.

వాళ్ల పెద్ద నా దగ్గరికొచ్చి నమస్కారం పెట్టి, "సార్, సౌండ్ ఎవరు నడిపిస్తరు? సన్నాయి పాట ఒక్కసారి ముందుగాల ఇనిపిస్తే వేళ్లు కలుపుకుంటం" అన్నాడు.

ఇక్కడ పాఠకులకు ఒక మాట చెప్పాలి. సినిమాలో మేళం వాయించదు. కనిపిస్తుంది. శబ్దం తరవాత రికార్డింగ్ థియేటర్‌లో కలుపుతారు. అందుకే షూటింగ్ మేళానికి సన్నాయి రానక్కరలేదు, మీసం వస్తే చాలు. రేటు తక్కువ ఉండేది కూడా అందుకే. ఈ సంగతి ఆ ఊళ్లో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

నేను ఫోన్ తీశాను. పెళ్లికూతురిని అప్పటికే మండపానికి తీసుకొస్తున్నారు. జీలకర్ర బెల్లం పెట్టే వేళ చుట్టుపక్కల తుమ్మో, చెడ్డమాటో చెవిన పడకుండా గట్టిమేళం మోగాలి. మోగకపోతే పంతులుగారు ఏం చేస్తారో నాకు తెలుసు. గోడ అవతలి మేళం కోసం ఆగుతారు. అనసూయమ్మ వద్దన్నది సరిగ్గా అదే.

సత్తయ్య ఫోన్ ఎత్తలేదు. రెండోసారి చేస్తుంటే గోడ అవతల నుంచి సన్నాయి వినిపించింది. ఆ వాయింపు నాకు తెలుసు, రికార్డింగ్ థియేటర్‌లో ఎన్నోసార్లు విన్న సత్తయ్యదే. పెద్ద హాలు గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే "ప్రొడక్షన్" అన్నాను. జూబ్లీహిల్స్‌లో ఆ మాటకు తెరుచుకోని గేటు లేదు.

సత్తయ్య పాట ముగించి సన్నాయిని తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు. సంగతి చెప్పాను. అది నిజం పెళ్లి అన్నాను.

"గది మీరు చెప్పలే గద సార్. మీరు ఎప్పుడు ఫోన్ జేసినా పెండ్లి ఉందనే అంటరు. అయి అన్నీ షూటింగులే గద. గందుకే రెండు మార్ల అడిగిన."

కోపంగా అని ఉంటే జవాబు చెప్పేవాణ్ని. మామూలుగా అన్నాడు. నేను "సత్తయ్యగారూ" అన్నాను. ఆ "గారు" పాతికేళ్లలో మొదటిసారి పలికింది. పెళ్లి రేటు ఇస్తానన్నాను, దాని మీద ఇంకా ఇస్తానన్నాను.

"పైసల ముచ్చట గాదు సార్. ఈడ ఎనిమిది మందికి ఒప్పుకున్న. నలుగురిని మీకిస్తే ఈళ్లకు ఏం జవాబు జెప్పాలె? ఎనిమిది మంది కనబడాలె గద."

"కనబడితే చాలా?" అన్నాను.

సత్తయ్య నా మొహం చూశాడు. సన్నాయి ఆగడంతో హాల్లో డీజే ఒకవైపు, బ్యాండ్ ఒకవైపు దద్దరిల్లుతున్నాయి, ఆ హోరులో మేళంలో ఎందరు వాయిస్తున్నారో చెప్పడం ఎవరి తరమూ కాదు. కనబడటానికి నా దగ్గర మనుషులున్నారని అతనికి అర్థమైంది. పెళ్లి ఎవరిదని అడిగాడు. చెప్పాను.

"కుట్టు మిషన్ అనసూయమ్మ బిడ్డదా? మా పోరగాళ్ల డ్రెస్సులన్నీ గామెనే కుడ్తది. జర ముందుగాల జెప్తే ఏంబోయె సార్?" అంటూ, అక్కడి మేళాన్ని తమ్ముడికి అప్పగించి తనే లేచాడు.

రెండు హాళ్లకూ మధ్య జనరేటర్ల పక్కన చిన్న తలుపుంది. అక్కడ నలుగురు వాయించేవాళ్లూ, నలుగురు కనిపించేవాళ్లూ తలపాగాలు మార్చుకున్నారు. అవతలి మేళానివి పసుపు, మావి ఎరుపు. మా భాషలో దీన్ని కంటిన్యూటీ అంటారు. షాటుకూ షాటుకూ మధ్య బట్టలు మారకుండా చూసుకోవడం. నా మొత్తం సర్వీసులో ఇంత శ్రద్ధగా కంటిన్యూటీ చూసింది ఆ రోజే.

పంతులుగారు చెయ్యెత్తారు. సత్తయ్య ఊదాడు. డోళ్లు పడ్డాయి. చిన్న హాలు కదా, కిటికీ అద్దాలు అదిరాయి. నాకు నిజంగా ఏడుపొచ్చింది, పొగ అన్నాను.

పుస్తె కట్టినప్పుడు మేళం ఇంకా గట్టిగా మోగింది. అనసూయమ్మ కూతురి వెనక నిలబడి ఉంది, కళ్లు మాత్రం మేళం వైపే ఉన్నాయి. తలంబ్రాలు మొదలయ్యాక నా దగ్గరికి వచ్చింది. నేను ఏం చెప్పాలో తయారుచేసుకుంటున్నాను.

"ఈపారి మన మేళం గోడ అవతలోళ్లకు ఇనబడ్డది సార్" అంది. అని, బంతి భోజనాలు చూసుకోవడానికి వెళ్లిపోయింది.

సత్తయ్య పెళ్లి రేటు తీసుకున్నాడు, పైన ఇస్తానన్నది ముట్టుకోలేదు. షూటింగ్ రేటు కూడా విడిగా తీసుకున్నాడు, ఆ మీసాల నలుగురూ పని చేశారు కాబట్టి. బిల్డరుగారి పెళ్లి వీడియోలో చివరన నిలబడ్డ నలుగురికే క్లోజప్పులు ఎక్కువ పడ్డాయట. వాళ్ల వాయింపు అద్భుతమని బిల్డరుగారు వాళ్లకు బట్టలు పెట్టారని తరవాత తెలిసింది.

ఇప్పుడు తెలిసినవాళ్లు పిల్లల పెళ్లిళ్లకు ఎవరిని మాట్లాడుకోవాలని నన్ను అడుగుతుంటారు. బేరం ఎలా ఆడాలో చెప్పమంటారు. మేళం విషయంలో ఒకటే చెప్తాను. ముందు వాయించమనండి. ఎంత అన్నది ఆ తరవాత అడగండి.